నలభై ఒకటో నంబరు బిళ్ళ

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. నా లామినేషన్ మెషీన్ మీద ఒట్టు. ఇరవై రెండేళ్లుగా నాకు అన్నం పెడుతున్న యంత్రం మీద అబద్ధపు ఒట్టు వేసేంత పాపిష్టివాణ్ణి కాను. చంద్రపూర్ పక్కనున్న మా దుర్గాపూర్‌లో నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని నాకు తెలుసు. ఆధార్ కార్డు జిరాక్స్ కోసం నా దుకాణం ముందు పులి వచ్చి నిలబడిందని ఒకసారి చెప్పాను. అప్పటినుంచి నేను వాన పడుతోందన్నా జనం చెయ్యి బయటపెట్టి చూసుకుంటున్నారు. చూసుకోనివ్వండి. ఈసారి రాస్తున్నది చనిపోయిన మనిషి గురించి, అందునా లెక్క తప్పితే ఊరుకోని మనిషి గురించి. జాగ్రత్తగానే రాస్తాను.

ఆయన పేరు రాయను. రాసినా కాలనీలో సగం మందికి తెలియదు. అందరికీ ఆయన లాంప్ మామ. బొగ్గుగని లాంప్ రూమ్‌లో ముప్పై ఒక్క ఏళ్లు చేసి రిటైరయ్యాడు. గనిలోకి దిగేవాళ్ల టోపీకి తగిలించే దీపాలు ఇచ్చేదీ, పైకి వచ్చాక వాపసు తీసుకుని చార్జింగ్ పెట్టేదీ ఆ గదిలోనే.

పోయిన నెల కాలం చేశాడు. దినాలన్నీ అయ్యాక ఆయన కూతురు ఫోన్ చేసింది. పుణేలో ఉద్యోగం చేస్తుంది, నన్ను బావా అంటుంది.

"బావా, ఇల్లు సదురుతున్న. బాపు బోర్డు ఇప్పుదామని చూస్తే ఒక్క బిళ్ళ ఇంకా మేకుకే ఉన్నది."

"ఎంత నంబరు?"

"నలభై ఒకటి. నీదే గదా?"

"నాదే."

"బిళ్ళ ఉండంగ బోర్డు దించొద్దని బాపు ఎప్పుడూ అనేటోడు. ఎవరో ఇంకా కిందనే ఉన్నట్టు లెక్కనట. ఆదివారం నాకు రైలున్నది. నువ్వు వచ్చి తీస్కపోతవా, లేకుంటే నేనే దించేయాల్నా?"

"దించకు. వస్త," అన్నాను.

మేకు మీది బిళ్ళ తీసుకోవడం ఎంతసేపు? చెయ్యి చాపితే చాలు. కానీ లాంప్ రూమ్ రూలు వేరు. తీసుకున్నది వాపసు ఇస్తేనే బిళ్ళ వాపసు వస్తుంది.

గని సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. ప్రతి కార్మికుడికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దిగేముందు కిటికీలోంచి ఆ బిళ్ళ ఇస్తాడు, తన నంబరు దీపం తీసుకుంటాడు. బిళ్ళ బోర్డు మీద తన నంబరు మేకుకు వేలాడుతుంది. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుపోతాడు. కాబట్టి ఏ క్షణంలోనైనా బోర్డు వైపు ఒక్క చూపు చూస్తే కింద ఎవరెవరున్నారో తెలుస్తుంది. ఒకడి దీపం ఇంకొకడికి ఇవ్వకూడదు. అంతే.

ఆయన ఈ పద్ధతిని గనిలో వదిలి రాలేదు. కాలనీలో ఎవరి పెళ్లి జరిగినా గేటు దగ్గర కుర్చీ వేయించుకుని లోపలికి పోయేవాళ్లను లెక్కపెట్టేవాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. భోజనాలయ్యాక అందరూ బయటికి వచ్చేదాకా లేచేవాడు కాదు. మా మేనకోడలి పెళ్లిలో ఒకడు తక్కువ వచ్చాడు. ఆయన లేచి, హాలంతా వెతికించి, కుర్చీల గుట్ట వెనక నిద్రపోతున్న పెళ్లికొడుకు చిన్నాన్నను పట్టుకొచ్చాడు. ఆ చిన్నాన్న మీద ఎవరికీ బెంగ లేదు, అతని భార్యకు కూడా.

"కింద ఎవరున్నరో పైనోళ్ళకు తెల్వాలె," అనేవాడు. ఎక్కడైనా సరే, దేనికైనా సరే, ఇదే మాట. కూర్చున్నవాడు లేస్తూ మోకాలు పట్టుకుని అయ్యో రామా అంటాడే, అంత తేలిగ్గా అనేవాడు.

ఆయన్ను ఇరై నది ఒడ్డున కాటికి తీసుకుపోయిన రోజు మేమే లెక్కపెట్టాం. అలవాటు పడిపోయాం మరి. పోయింది నలభై నాలుగు మందిమి. వచ్చింది నలభై మూడు మందిమి. దారిలో ఎవరో ఆ మాట పైకి అన్నారు.

రిటైరయ్యాక మొదటి ఏడాది ఆయన గడియారం చూస్తూ కూర్చున్నాడు. షిఫ్టు మారే వేళకు లేచి నిలబడడం, మళ్లీ కూర్చోవడం. కూతురు భయపడి పుణే నుంచి టారో పత్తాలు, అంటే జోస్యం చెప్పే పేకముక్కలు, తెచ్చి ఇచ్చింది. హాస్టల్లో స్నేహితురాళ్ల దగ్గర నేర్చుకుందట. డెబ్బై ఎనిమిది బొమ్మలు. మనిషి ఒకటి తీస్తే ఆ బొమ్మను బట్టి జోస్యం చెప్పాలి. వాటితోపాటు ఒక హెచ్చరిక కూడా ఇచ్చింది.

"ఇవి నీ సొంతం బాపూ. ఎవరికీ ఇయ్యకు. వేరేటోళ్ళ ఎనర్జీ కలుస్తది."

"కలిస్తె చార్జింగ్ పెడ్త," అన్నాడు.

నిజంగానే పెట్టేవాడు. రోజూ మధ్యాహ్నం పత్తాలను కిటికీ ఎండలో పరిచి, పసుపుపచ్చ గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, మళ్లీ పెట్టెలో వరసగా పెట్టేవాడు. పాత గని మూసేసినప్పుడు తుక్కులో పోతున్న ఇత్తడి బిళ్ళలు ఒక గుప్పెడు అడిగి తెచ్చుకున్నాడు. ముందుగదిలో చెక్క బోర్డు పెట్టి మేకులు కొట్టాడు. పత్తా తీయాలని వచ్చే ఇరుగుపొరుగుకు తలా ఒక బిళ్ళ పంచాడు. నాది నలభై ఒకటి, మా ఇంటావిడది పన్నెండు. తలుపు దగ్గర నమస్కారం పెడితే ఆయన ప్రతినమస్కారం పెట్టడు. చెయ్యి చాపి "బిళ్ళ?" అంటాడు. మర్చిపోతే ఇంటికి పోయి తెచ్చుకోవాలి. బిళ్ళ మేకుకు వేలాడాకే పత్తాను ముట్టుకోవాలి. లేచేటప్పుడు పత్తాలు లెక్క సరిపోతే బిళ్ళ మీ చేతిలో పెడతాడు.

జోస్యానికి ఏమీ తీసుకునేవాడు కాదు. ఆ బొమ్మలకు కూతురు చెప్పిన అర్థాలు ఆయన నెత్తికెక్కలేదు. అన్నిటినీ గనిలోకి దింపేశాడు. మూట భుజాన వేసుకుని, కుక్కను వెంటేసుకుని, గుట్ట అంచున నిలబడ్డ కుర్రాడి బొమ్మ ఉంటుంది. "కొత్తగ భర్తీ అయినోడు. హెల్మెట్ లేదు, బూట్లు సూడు ఎట్లున్నయో. పైనుంచి కుక్క ఒకటి." తలకిందులుగా వేలాడేవాడు: "సస్పెన్షన్‌ల ఉన్నోడు. మొకం మీద చింత ఉన్నదా? లేదు. సగం జీతం వస్తున్నది." గుర్రమెక్కి వచ్చే అస్థిపంజరాన్ని చూసి ఆడవాళ్లు కెవ్వుమంటే, "భయమెందుకు? రిటైర్మెంట్ ఆర్డర్ తెచ్చిండు, సంతకం పెట్టి తీస్కోవాలె," అనేవాడు.

బూడిదరంగు దుప్పటి కప్పుకుని, లాంతరు పట్టుకుని, ఒంటరిగా కొండ మీద నిలబడ్డ ముసలివాడి బొమ్మ వస్తే మాత్రం ఆయన మీసం కింద చిన్న నవ్వు కదిలేది. "గీన్ని ఎరుకపట్టినవా? లాంప్ రూమోడే. డ్యూటీ దిగినా దీపం ఇడిసిపెట్టలే."

పిడుగుపడి గోపురం కూలిపోతూ, ఇద్దరు మనుషులు తలకిందులుగా పడిపోతుండే బొమ్మ ఒకటుంది. గనిలో పైకప్పు విరిగిపడితే అనే మాటే దానికి పేరు పెట్టాడు, "కప్పు కూలుడు". అది వస్తే ఎదుటివాళ్ల మొహం చూసి అనేవాడు, "కప్పు కూలినంత మాత్రాన అందరు సావరు. బోర్డు సరిగ్గుంటే ఎతికి తీస్తరు." వినేవాళ్లకు మొదటి సగమే వినిపించేది.

పత్తాలు ఆయన గడప దాటేవి కావు. అడగనివాళ్లు లేరు. బ్యూటీ పార్లర్ నడిపే ఒకావిడ మహిళల కార్యక్రమానికి ఒక్క పూట కావాలని వచ్చింది.

"ఒక్క పూటే మామా. సాయంత్రం నేనే తెచ్చిస్త. పాకిట్ల పెట్టి, పూలు పెట్టి తెస్త."

ఆయన నోట్లోంచి పండ్లసెట్టు తీసి, పక్కనున్న గిలాసలో కడిగి, ఆమె ముందు స్టూలు మీద పెట్టాడు.

"థి ఏంథి మామా?" అని నేను అడిగాను, పండ్లు లేనప్పటి ఆయన గొంతు అనుకరిస్తూ. నా నోరు అలాంటిది.

ఆయన సెట్టు మళ్లీ పెట్టుకుని తాపీగా అన్నాడు. "గిది గావాలంటె ఇస్త బిడ్డా. నీ ప్రోగ్రాంల పెట్టుకో. పత్తాలడగకు."

ఆవిడ మూడు నెలలు మా ఎవరితోనూ మాట్లాడలేదు. నేను నవ్వి నవ్వి పోయాను. కానీ ఇంత పట్టుదల ఎందుకని ఒక వానరోజు మధ్యాహ్నం అడిగాను. కూతురు చెప్పిన ఎనర్జీ కోసమా?

"ఎనర్జీ లేదు గినర్జీ లేదు," అన్నాడు. "ఒకసారి ఒకని దీపం ఇంకొకనికిచ్చిన."

పత్తాలు తుడుస్తూనే చెప్పాడు. పొద్దుటి షిఫ్టులో ఒకడు కిటికీ దగ్గరికి వచ్చాడట. బిళ్ళ ఇంట్లో మర్చిపోయాడు. వెనక్కి పోతే ఆ రోజు హాజరు పోతుంది. అతని సంచిలో పక్కింటి దోస్తు బిళ్ళ ఉండిపోయింది. దోస్తుకు ఆ రోజు సెలవు. "వాని దీపం ఇయ్యరాదే అన్నా, పొద్దుమూకి నీ చేతుల పెడ్త," అన్నాడు. ఈయన జాలిపడి ఇచ్చేశాడు. దోస్తు బిళ్ళ మేకుకు వేలాడింది. మనిషి వేరేవాడు దిగాడు.

పదకొండు కొట్టేసరికి ఒక పక్క కప్పు కూలింది. ఆఫీసువాళ్లు బోర్డు చూశారు. బోర్డు చెప్పిన ఇంటికి జీపు పంపారు. ఆ ఇంటాయన, అంటే సెలవులో ఉన్న దోస్తు, గడ్‌చాందూర్ బజారుకు బస్సెక్కి పోయాడు, గనిలో లేడు. ఆ సంగతి ఆయన భార్యకు తెలియదు. పోయొస్తానంటే డ్యూటీకే అనుకుంది. చెప్పులు లేకుండా ఉరికి వచ్చింది. ఆమెను రెండు చేతులా పట్టుకుని పక్కింటామె కూడా వచ్చింది.

"పక్కింటామె అంటే..."

"ఔ అల్లుడా. గామె మొగడే కింద ఉన్నది."

వాన చప్పుడులో ఆయన గొంతు సగమే వినబడింది. నేను ముందుకు వంగాను.

"నా కిటికీ ముంగటనే కూసున్నరు ఇద్దరు. ఈమె నెత్తి కొట్టుకుంట ఏడుస్తుంది. గామె ఓదారుస్తుంది. ఏం గాదక్కా, నీ మొగనికేం గాదు, నీళ్ళు తాగు అని గిలాస నోటికి పెడుతుంది. ఇద్దర్ల ఎవరు ఏడ్వాల్నో ఎరుక ఉన్నోన్ని నేనొక్కన్నే."

"చెప్పలేదా మామా?"

"నోరు తెరిస్తె ఈమె ఏడ్పు బందైతది, గామెది మొదలైతది. దీపాలు తుడుసుకుంట కూసున్న. తుడిసిందే తుడిసిన. అరగంట."

"తర్వాత?"

"తర్వాత చెప్పిన. గామె నన్ను ఒక్క మాట అనలే. తిట్టినా బాగుండు. ఈమె చేతిలకెల్లి గిలాస గుంజుకొని మిగిలిన నీళ్ళు తాగింది. గంతే."

సాయంత్రానికి ఆ మనిషిని పైకి తెచ్చారు. మెడ కింది ఎముక విరిగింది, ప్రాణం దక్కింది. తర్వాత చాలా ఏళ్లు బతికాడు. కానీ ఈయన పట్టుకుని కూర్చున్నది ఆ అరగంటనే. "అరగంట సేపు ఒక ఆడిమనిషి తన మొగనికి ఏడ్వకుంట వేరేటామెకు నీళ్ళు తాపింది. గది నేను జేసిన పని. అందుకే అంటున్న. కింద ఎవరున్నరో పైనోళ్ళకు తెల్వాలె."

ఆ రోజు నుంచి నేను పండ్లసెట్టు కథ చెప్పడం మానలేదు గానీ, పత్తాలు ఇవ్వమని ఎవరైనా అడిగితే ఆయనకంటే ముందు నేనే కాదనేవాణ్ణి.

అలాంటి నేను మూడేళ్ల కిందటి ఎండాకాలంలో ఆయన ముందు నిలబడి పత్తాలు అడిగాను.

మా ఇంటావిడ పుట్టిల్లు లక్కడ్‌కోట్. గట్టి మనిషి. నా కథలన్నిటికీ "ఊఁ" కొడుతూనే కూరలో ఉప్పు సరిచూసుకోగలదు. ఆమెకు గర్భసంచిలో గడ్డ పెరిగి రక్తం పోతూ ఉంది. చంద్రపూర్ ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ ఆలస్యం చేయొద్దని డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది. ఈమె సంతకం పెట్టదు. మత్తు ఇస్తే మళ్లీ లేవనని భయం. ఆ భయానికి ఒక కారణం ఉంది. అంతకుముందు రెండు మంగళవారాలు లాంప్ మామ దగ్గర ఆమె తీసిన పత్తా ఒక్కటే. కప్పు కూలుడు. రెండుసార్లూ అదే.

"ఇంకొక్కసారి తీస్త," అంది మంచం మీద నుంచి. మొహం పాలిపోయి తలగడ గుడ్డ రంగులో ఉంది. "గదే వస్తే ఇంటికి తీస్కపో. వేరేది వస్తే సంతకం పెడ్త. మామ పత్తాలే గావాలె, ఇంకెవలియి తెచ్చినా తీయ."

మామ రాలేడు. బొగ్గు ధూళి ఊపిరితిత్తుల్లో అంత పేరుకుపోయింది, ఆ ఎండలో గడప దాటితే దగ్గుతో కుప్పకూలేవాడు. నేను పోయేసరికి పత్తాలు కిటికీలో చార్జింగ్ అవుతున్నాయి.

"బిళ్ళ?" అన్నాడు.

బిళ్ళ ఇచ్చి, విషయం చెప్పాను. ఫోన్‌లో బొమ్మ కనబడేలా మాట్లాడించనా అని కూడా అడిగాను.

"ఫోన్‌ల ఆమె చెయ్యి పత్తా మీద ఎట్ల పడ్తది? ఆమెనే తీయాలె," అన్నాడు. నా బిళ్ళను బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. ఆ రోజు ఆయన పండ్లసెట్టు తీసి నా ముందు పెడితే నేను అక్కడే ఏడ్చేవాణ్ణి.

చివరికి లేచాడు. బిళ్ళను నలభై ఒకటో మేకుకు తగిలించాడు.

"బిడ్డ దీపం లేకుంట లోపటికి పోతా అంటె నేను తలుపు మూసుకొని కూసుంటె, నేనేం లాంప్ రూమోన్ని?"

పత్తాలను పది పదిగా మంచం మీద పరిచి లెక్కపెట్టాడు. ఆ ఊపిరికి అది చిన్న పని కాదు. మూడు చోట్ల ఆగాడు. డెబ్బై ఎనిమిది. పసుపుపచ్చ గుడ్డలో మూటకట్టి నా రెండు చేతుల్లో పెట్టాడు.

"ఎన్ని తీస్కపోతున్నవో గన్ని తేవాలె."

"తెస్త మామా."

"ఎవ్వలికి ఇయ్యకు. ఎక్కడ ఇప్పకు. ఆమె ముంగటనే ఇప్పు."

ఆటోలో ఆసుపత్రికి పోయాను. మెట్ల దగ్గర జరిగింది ఇది. వేపచెట్టు మీద ఒక కోతి ఉంది. మామూలు కోతి కాదు, ఎడమ చెవి సగం లేదు, చూపు మాత్రం ఇన్‌కంటాక్సు ఆఫీసరు చూపు. నా చేతిలో మూట చూసి అరటిపళ్లు అనుకుంది. ఒక్క దూకు దూకి గుడ్డ లాగింది. నేను లాగాను. అది లాగింది. ముడి జారి ఒక్క పత్తా బయటికి వచ్చింది. కోతి దాన్ని పట్టుకుని చెట్టెక్కి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, వాసన చూసి, నా వైపు ఒకసారి తిరస్కారంగా చూసి, గోడ దూకి పోయింది. నేను గోడదాకా పరిగెత్తాను. గోడ అవతల ఇంకో గోడ, దాని అవతల చంద్రపూర్.

వార్డులోకి పోయేసరికి మామ అప్పటికే మా ఇంటావిడకు ఫోన్ చేసి చెప్పి ఉన్నాడు. బిడ్డా, ముందుగాల లెక్కపెట్టు, తర్వాతనే తీయి అని. ఆమె, పక్క మంచం ఆవిడ కలిసి లెక్కపెట్టారు.

"డెబ్బై ఏడే ఉన్నయ్," అంది ఆమె. కళ్లు నా మీదికి వచ్చాయి.

కోతి సంగతి చెప్పాను. సగం చెవితో సహా. దాని నడక కూడా చేసి చూపించాను. పక్క మంచం ఆవిడ కుట్లు పట్టుకుని నవ్వింది. నర్సు నవ్వింది. మూడు వారాలుగా నవ్వని మా ఇంటావిడ నవ్వింది. నవ్వుతూనే చెయ్యి చాపి పత్తా తీసింది.

లాంతరు పట్టుకున్న ముసలాయన.

"మామనే వచ్చిండు," అంది. బొమ్మను కాసేపు చూసి, "కాయితం తేపో," అంది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు ఆమె దిట్టంగా ఉంది. ఈ వాక్యం రాస్తుంటే వంటింట్లోంచి నన్ను ఎందుకో తిడుతూ ఉంది కూడా.

మర్నాడు మూట తీసుకుని లాంప్ మామ దగ్గరికి పోయాను. ఆయన పది పదిగా పరిచి లెక్కపెట్టాడు. చివరి వరసలో ఏడే ఉన్నాయి.

"కోతి మామా," అన్నాను.

"ఇన్న. బిడ్డ ఫోన్‌ల చెప్పింది." పత్తాలను ఒక్కొక్కటీ తిరగేసి చూశాడు. "పోయింది ఏ పత్తా?"

"కప్పు కూలుడు."

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత నా చొక్కా జేబు వైపు చూశాడు.

"మస్తు తెలివిగల్ల కోతి," అన్నాడు. పత్తాలు పెట్టెలో పెట్టుకున్నాడు. నేను బిళ్ళ కోసం చెయ్యి చాపాను. ఆయన బోర్డు వైపు కూడా తిరగలేదు. "కోతి వచ్చినప్పుడు తీస్కపో."

ఆ తర్వాత మూడేళ్లు, నేను ఆయన గుమ్మం ముందు నుంచి పోయిన ప్రతిసారీ లోపలినుంచి ఒకే ప్రశ్న. "అల్లుడా, కోతి కనబడ్డదా?" నేను ప్రతిసారీ ఒక కొత్త కథ. ఒకసారి ఆ కోతి బల్లార్షా స్టేషన్లో కనబడిందన్నాను. ఒకసారి పెళ్లి చేసుకుందన్నాను. ఆయన అన్నీ శ్రద్ధగా వినేవాడు. "మంచిగున్నదా?" అని అడిగేవాడు. "ఎప్పుడొస్తదట?" అనేవాడు. మా ఇంటావిడ పక్కనుంటే మాత్రం కోతి ఊసే ఎత్తేవాడు కాదు.

చివరిసారి చూసినప్పుడు మాట రావడమే కష్టంగా ఉంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. నన్ను చూసి మేకు వైపు వేలు చూపించాడు. ఆ రోజు నా దగ్గర కొత్త కథ లేదు.

ఇప్పుడు ఒప్పుకోలు.

కోతి లేదు.

మిగతాదంతా నిజం. కిటికీ ముందు కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ల సంగతి నేను కల్పించానని కొందరు అనుకుంటారు. అందులో నేను ఒక్క అక్షరం కలపలేదు. పులి సంగతి కూడా నిజమే, కాకపోతే దానికి ఆధార్ కార్డు లేదు.

ఆటోలో, పవర్ స్టేషన్ రోడ్డు మలుపు దగ్గర, నేనే మూట విప్పాను. ఇప్పకు అని ఆయన చెప్పి పావుగంట కాలేదు. ఒక్కొక్కటీ తిరగేసి కప్పు కూలుడును వెతికి తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. మూడోసారి కూడా ఆమె చేతికి అదే వస్తుందేమోనని భయపడ్డాను. ఆమె భయాన్ని ఇంతసేపూ రాస్తూ వచ్చాను గానీ, నా భయం గురించి ఎక్కడా రాయలేదు, గమనించే ఉంటారు. సంతకం పెట్టించి, తిరిగి వచ్చేటప్పుడు మూటలో కలిపేద్దామనుకున్నాను. కానీ ఆమె లెక్కపెట్టింది. లెక్కపెట్టాక కోతి వచ్చింది. కోతి వచ్చాక అందరూ నవ్వారు. ఆ నవ్వు మీద ఆమె సంతకం పెట్టింది. ఇంక ఆ పత్తాను ఏ మొహంతో బయటికి తీయను? ముడతలు పడకుండా ఉండాలని లామినేషన్ చేసి మెషీన్ కింది డ్రాయర్లో దాచాను. అలవాటు మరి.

ఆయనకు తెలుసు. ఆమెకు చెప్పలేదు. ఆ కిటికీ దగ్గర నోరు రాక కూర్చోవడం అంటే ఏమిటో తెలిసిన మనిషి, అది నేనే చెప్పుకోవలసిన మాట అని నాకే వదిలేశాడు. ఆయనకు అరగంట పట్టింది. నాకు మూడేళ్లు పట్టింది.

శనివారం పొద్దున్నే పోయాను. కూతురు పత్తాల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. జేబులోంచి తీసి ఇచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి, అంచు గోకి చూసింది.

"కోతి లామినేషన్ గూడ చేయించి ఇచ్చిందా బావా?"

ఆమె పత్తాల మధ్య దాన్ని దూర్చింది. లామినేషన్ మందం వల్ల పెట్టె మూత పడలేదు. రబ్బరు బ్యాండు వేసింది. లేచి నలభై ఒకటో మేకు నుంచి బిళ్ళ తీసి నా చేతిలో పెట్టింది. ఆ తర్వాతే బోర్డు దించింది. పాత చీరలో చుట్టి తన సామాను మీద పెట్టుకుంది.

"పుణేకు తీస్కపోతవా?"

"మరి? అక్కడ నా పత్తాలు గూడ అందరు అడుగుతరు, ఒక్కరోజు ఇయ్యవా అని. ఇన్నాళ్లు ఇయ్య అన్న. ఇగ బిళ్ళ పెడితే ఇస్త."

మా ఇంటావిడ చదువు మరాఠీలో సాగింది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఇదంతా తెలుగులో ఇంత ధైర్యంగా ఎలా రాశానో మీకిప్పుడు అర్థమై ఉంటుంది. కానీ బిళ్ళ నా జేబులో ఉంది. నడుస్తుంటే తాళంచెవులకు తగిలి మోగుతోంది. ఆ చప్పుడేందని ఆమె పొద్దున్నుంచి రెండుసార్లు అడిగింది. ఈ కాగితాలు పట్టుకుని వంటింట్లోకి పోతున్నాను. మొదటి అక్షరం నుంచి చదివి వినిపిస్తాను. ఆసుపత్రి మెట్ల దగ్గర కోతి వచ్చేసరికి ఆమె నవ్వుతుంది, ఎప్పుడూ నవ్వుతుంది. అక్కడ ఆగను.